సుగుణక్క నేర్పిన జాము

సాయంత్రం నుంచి నాకు ఒళ్ళు మండిపోతోంది.

జాము అంటే పచ్చి పసుపు, అల్లం, చింతపండు, బెల్లంతో ఇండోనేషియావాళ్ళు చేసే ఆరోగ్య పానీయం. మూడేళ్ళు జకార్తాలో ఉండి ఇక్కడ షికాగో దగ్గరి అరోరా ఊరికి వచ్చిన సుగుణక్క, మా తెలుగు చర్చిలో పరిచయమై నాకు నేర్పారు. బ్లెండర్ తగలకూడదట, రాతి మీదే నూరాలట. ఆ మాట నమ్మి, పోయినేడు గుంటూరు నుంచి సూట్‌కేసులో చీరలు మానుకుని సన్నికల్లు తెచ్చుకున్నాను. పచ్చి పసుపు కోసం శనివారాలు స్టేషన్ వ్యాగన్‌లో షికాగో దాకా వెళ్ళాను. వారం వారం ఆవిడకొక సీసా ఇస్తే, "ఇంకా కుదర్లేదమ్మా" అనేవారు.

ఈ రోజు వాళ్ళింట్లో చక్కెర కోసం అల్మరా తీశాను. లోపల వరసగా జాము పొడి ప్యాకెట్లు!

"అక్కా, మీరు నూరుకోరా?"

"అయ్యో, నేనెప్పుడూ ట్రై చెయ్యలేదే! అక్కడ పొద్దున్నే ఒకావిడ వీపున బుట్టలో సీసాలు పెట్టుకుని గుమ్మంలోకే తెచ్చేది. ఆవిడ రాతి మీద నూరేదట."

పచ్చబడిపోయిన నా వేళ్ళ వంక చూసుకున్నాను. సుగుణక్క నా ఖాళీ సీసా చేతికిస్తూ, "ఈసారి బెల్లం కాస్త తగ్గించు" అన్నారు.

ఒక ప్యాకెట్ అడిగి తెచ్చుకున్నాను. ఆదివారం అదే సీసాలో ఆ పొడే కలిపి ఇస్తాను. తాగి "ఇప్పుడు కుదిరింది" అన్నారంటే, చర్చిలో ఇక ఆవిడ పక్కన కూర్చోను. మీరైతే కూర్చుంటారా?