ఇత్తడి స్క్రూల ఉస్తాద్

మా ఉస్తాద్ మొన్న మంగళారం పొద్దుగాల పోయిండు. కోరుట్లల ఆయన షెడ్డు పక్కన్నే నాది కార్ల సీట్లు కుట్టే దుకాణం. ముప్పై ఏండ్లు ఆయన తిట్లు తిన్న. "పాపం, మెత్తటోడుండె" అని వచ్చినోళ్లందరు అంటున్నరు. ఏం మెత్తటోడు! ఉత్త మొండోడు. నాకు గా మొండోడే కావాలె.

పాత కార్లు బాగుచేసుట్ల ఆయన అసొంటోడు జగిత్యాల దాకా లేడు. కట్టె ఫ్రేముల ఇనుప స్క్రూ పెడితే తుప్పు పట్టి కట్టె సుత పుచ్చిపోతదని ఇత్తడియే పెడ్తుండె. ఓసారి తొందరల నేను సీటు కింద నాలుగు ఇనుపయి బిగిచ్చిన. "ఎవలు సూస్తరు ఉస్తాద్?" అన్న. "నువ్వు సూసినవ్ గదరా, సాలదా?" అని నాతోనే ఇప్పిపిచ్చిండు. మస్తు సిగ్గయింది.

నక్సలైట్ అన్నల పేరు చెప్పి ఎవలనంటే వాళ్లను పోలీసులు పట్టుకపోయే దినాలవి. సిరిసిల్లల బట్టలు నేసే సాంచలు నడిపే సేటు ఒకాయన, వాళ్ల నాయిన కారు బాగుచేయనిచ్చిండు. రెండేండ్ల పని. ఇగ రేపు పంపుతం అనంగ పోలీసులచ్చిన్రు. గా కారుల అన్నలకు తుపాకులు పోతయని ఎవడో చెప్పిండట. గ్యాస్ కట్టర్ పెట్టి కోయుమన్నడు ఎస్సై.

నేను ఎనుకకు జరిగిన. ఉస్తాద్ పోయి కారుకు అడ్డం నిలవడ్డడు.

"కోసుడు అద్దు సార్. నేను వెల్డింగ్ చెయ్యలే, అన్ని స్క్రూలే. ఇప్పి సూపిస్త."

చెంప మీద ఒక్కటి పడ్డది. కదలలే.

"కొట్టున్రి. కోయనియ్య."

పొద్దూకేదాక ఒక్కొక్కటి ఇప్పి గుడ్డ మీద వరుసగ పెట్టిండు. ఏం దొరకలే. పోతా పోతా ఎస్సై కోపంతోని గా గుడ్డను బూటుకాలితోని తన్నిండు. ఇద్దరం వంగి అన్ని ఏరినం. ఒక్క ఇత్తడి స్క్రూ మురికినీళ్ల మోరిల పడి కొట్టుకపోయింది.

మళ్ల బిగిచ్చినంక డ్రైవర్ దిక్కు తలుపు కాడ ఒక స్క్రూ తొర్ర ఖాళీగ మిగిలింది. "హైదరాబాద్ కెల్లి తెప్పిద్దాం" అన్న.

"అద్దు. నేను పని తప్పి ఇడిసింది కాదది. ఎవడు చేసిండో గా తొర్రనే చెప్పాలె" అన్నడు. సేటుకు సుత గదే చెప్పి కారు అప్పజెప్పిండు.

మంగళారం ఆయనను సూడనీకి సేటు కొడుకు గా కారులనే వచ్చిండు. నేను పోయి తలుపు తీసి సూసిన. రంగు కొత్తగ ఏసిన్రు. తొర్ర మాత్రం పూడ్వలే.