ఇసుర్రాయి దగ్గర అమ్మ పాట

మా చిన్నప్పుడు... నాటకం ఉన్న రోజు పొద్దుటి నుంచే నాకు ఒకటే భయం. నాయన సవరం జారిపోతుందేమో, గాలికి పెట్రోమాక్స్ దీపం ఆరిపోతుందేమో, వాన వస్తుందేమో... ఊరి దిగులంతా నాదే.

నాటకంలో రాణి మా నాయనే మరి. చింతామణి తాలూకా కెంచార్లహళ్ళిలో మాది బెల్లం, చింతపండు అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. ఏడాదంతా తక్కెడ పట్టుకునే మనిషి, నాటకాల కాలం వస్తే మీసం తీసేసి ఆడవేషం కట్టేవాడు.

ఆ ఏడు నాటకంలో బిడ్డను పోగొట్టుకున్న రాణి ఏడవాలి. నేర్పడానికి అనంతపురం వైపు నుంచి వచ్చిన మేష్టరు హార్మోనియం మీద రాగం తీసి, చెయ్యి నుదుటికి ఆనించి ఏడ్చి చూపించాడు. నాయన కొన్నాళ్ళు అట్లాగే చేశాడు... మనసొప్పలేదేమో, ఒక సాయంత్రం నేలమీద కాళ్ళు చాపి కూర్చుని, లేని ఇసుర్రాయిని తిప్పుతూ పాడాడు. రాయి తిరిగినంతసేపు పాట... గింజలు పోసేటప్పుడు ఆపు.

మేష్టరు నవ్వాడు. "ఏమప్పా శెట్టీ, రాణమ్మ రాగులు ఇసరతాండాదా? దాసీలు యాడికి పోయినారు?"

"దాసీలు ఉండనీ స్వామీ. ఏడ్చేదానికి కూడా దాసీల్ని పెట్టుకుంటారా? మా పక్క ఆడోళ్ళు ఏడ్చేది ఇసుర్రాయి కాడనే" అన్నాడు నాయన.

నాటకం నాడు ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. మా అమ్మ ఒక్కతే ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది... ఆమె గాజులు నా మణికట్టుకు ఒత్తుకునేంత గట్టిగా.

ఆ పాట నాకు తెలుసు. ముందటేడు మాకు ఒక తమ్ముడు పుట్టి, పాలు మరవకముందే పోయాడు. అంగడి ఉన్న ఇంట్లో ఏడిస్తే లక్ష్మి నిలవదని అవ్వ అమ్మను కసిరేది. అందుకే అమ్మ తెల్లవారుజామున రాగులు విసురుతూ పాడేది. రాయి చప్పుడులో ఏడుపు కలిసిపోతుంది, ఎవరికీ వినబడదు అనుకుంది. నాయన విన్నాడు... గింజలు పోసే ఆపుతో సహా.

మరునాడు అమ్మ ఆయన ముందు సంగటి తట్ట పెట్టి అంది. "నాకు ఏడ్చేదానికి ఉండింది ఆ రాయి ఒకటే. దాన్నీ ఎత్తుకుపోయి ఊరి ముందర పెడ్తిరే..."

నాయన తుంచిన ముద్ద తట్టలోనే పెట్టేశాడు. మెల్లగా అన్నాడు. "నేను మాత్రం యాడ ఏడ్చేదే? అంగట్లోనా?"

ఇద్దరి మధ్య నేను... ఎవరి వైపు చూడాలో తెలియక సంగటి వైపు చూశాను.

ఆ తరువాత అమ్మ రోజూ రాగులు విసిరింది. పాట మాత్రం పాడలేదు, పోయేవరకూ. నాయన ఆ వేషం మానలేదు. బాగేపల్లి వైపు ఊళ్ళలో కూడా ఆ ఏడుపే కావాలని పిలిచేవాళ్ళు.

మొన్న మనవరాలు ఫోన్లో ఒక నాటకం చూపించింది. చింతామణి టౌన్లో కాలేజీ పిల్లలు ఆడారట. అదే రాణి. వేషం కట్టింది ఒక ఆడపిల్ల. "రాయి తిప్పేది మన పక్క పాత పద్ధతంట అవ్వా" అంది.

పద్ధతి కాదు తల్లీ, అది మా అమ్మ... అందామనుకున్నాను. ఫోను కళ్ళకు ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాను.

ఆ పిల్ల మా నాయన లాగా పాడలేదు. రెండు చుట్లు తిప్పి, చెయ్యి రాయి మీదే ఉంచి, ఊరికే కూర్చుంది. పాట మరిచిపోయిందేమో, పదిమందిలో నగుబాటు అవుతుందేమో అని నాకు భయం వేసింది. "లేదవ్వా, కావాలనే అట్ల చేస్తాండాది. అది ఆ పిల్ల సొంతం" అంది మనవరాలు.

నాయన నాటకం మరునాటి నుంచి మా అమ్మ విసురుతూ విసురుతూ నడుమ ఆగి కూర్చునేది అచ్చం అట్లాగే. ఆ పిల్లకు ఎవరూ చెప్పి ఉండరు. వాళ్ళింట్లో ఎవరు అట్లా కూర్చోగా చూసిందో...

ఇప్పుడు పిండి మిల్లు నుంచి వస్తుంది. మా కోడలు నవ్వుతూనే తిరుగుతుంది. కానీ వంటింట్లో మిక్సీ మరీ ఎక్కువసేపు తిరిగితే నాకు గుండె నిలవదు. పోయి గుమ్మం దగ్గర నిలబడతాను. ఏం అడగాలో తెలియదు...

మీ ఇండ్లలో అమ్మలు ఎక్కడ ఏడ్చేవాళ్ళు? ఎవరైనా విన్నారా... వింటే ఇక్కడ చెప్పండి.