ఖాళీగా ఉంచని మిషన్

నరసరావుపేటలో ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు చూసే తహసీన్ రోజూ వస్తూనే ముక్కు ముడుచుకుంటుంది. ముడుచుకోదూ మరి! మేనేజరు ఫ్రాన్సిస్ బజ్జీ తిన్న చేత్తోనే కీబోర్డు నొక్కుతాడు. ఆ జిడ్డుకు మిరప దుమ్ము అట్టకడుతుంది. ఆమె తడిగుడ్డతో ఒక్కో మీటనూ చీమిడి తుడిచినట్టు తుడుస్తుంది. రెండో సర్వరు కొనరని తెలిసి, ఉన్నదాన్నే వర్చువలైజేషన్ అనే సాఫ్ట్‌వేర్ కిటుకుతో లోపల్లోపలే రెండు మిషన్లుగా విడగొట్టింది. ఒకదాంట్లో రైతుల బస్తాల వివరాలు ఎక్కించాలి, రెండోది కొత్త ప్రోగ్రాములు పరీక్షించడానికి. ఆ రెండోదాన్ని ప్రతి శుక్రవారం నకలు తీసి దాచి, ఆపైన మొత్తం చెరిపేస్తుంది.

మొన్న శనివారం బొల్లాపల్లి రైతు దానయ్య వస్తే, ఆయన పెట్టిన అరవై రెండు బస్తాలు కంప్యూటర్లో కనపడలేదు. "నువ్వసలు మా కాడ పెట్టలేదేమో పెద్దాయనా," అన్నాడు ఫ్రాన్సిస్, అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటూ. "ఏంది సారూ, రసీదు తర్వాత ఇస్తానంది నువ్వేగా! ఏడాది కష్టమయ్యా అది!" అంటూ దానయ్య బల్ల మీదికి వంగాడు. "ఈయన పేరు ఎందులో ఎక్కించారు సార్?" అంది తహసీన్. "రెండోది ఖాళీగా ఉందిగా తల్లీ. ఖాళీ గది ఎవుడన్నా ఊరికే ఉంచుతాడా? వారం నుంచి అందులోనే ఎక్కిస్తన్నా." దాన్ని ముందురోజు, శుక్రవారం సాయంత్రమే తహసీన్ చెరిపేసింది. చెరిపేముందు దాచిన నకలు తెరిస్తే అరవై రెండు బస్తాలూ కనపడ్డాయి. "చూశావా, మా కాడ ఏదీ పోదు," అని ఫ్రాన్సిస్ ఇకిలించాడు. "ఆయన అబద్ధమాడలేదని కూడా చెప్పండి సార్," అంది తహసీన్. ఫ్రాన్సిస్ దానయ్యకు టీ తెప్పించాడు. ఆ మాట మాత్రం అనలేదు.