కార్యదర్శి గారు ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి వెళ్తే మా సారే దండం పెట్టాడు. ఇప్పుడు మునగాల దగ్గర ఆటో నడుపుతున్నాను.

నిరుడు మా అమ్మ పింఛను ఆగిపోయే పరిస్థితి వచ్చింది. నాట్లేసి అరిగిన ఆమె వేలిముద్రను మిషన్ పట్టలేదు. అలాంటివాళ్లకు పంచాయతీ కార్యదర్శి తన వేలు పెట్టి ఇప్పించాలి. రోజూ పొద్దున్నే, గిరాకీ మొదలవకముందే ఆయనకు ఫోన్ చేసేవాణ్ణి. ఎత్తేవాడు కాదు.

అసలెందుకు ఎత్తడో చూద్దామని ఒకరోజు అమ్మను ఎక్కించుకుని పంచాయతీ ఆఫీసుకెళ్లాను. కార్యదర్శి గుమ్మం ముందు నిలబడి, తన సెల్‌ఫోన్ వైపు చూస్తూ కళ్లార్పుతున్నాడు. వింతగా అనిపించి ఆటోలోంచే ఫోన్ కొట్టాను. ఆయన ఎగిరిపడ్డాడు.

"మల్ల వీడే! మొకం సూపెట్టి హాజరు ఏసుకునే టైముకే చేస్తడు. ఫోన్ మోగంగనే యాప్ బందైతది!"

అంతలో నన్ను చూశాడు. ఫోన్ ఇంకా నా చెవి దగ్గరే ఉంది.

"నువ్వేనా?"

"నేనే సారూ. ఇగ చెయ్య."

ఆయనకు నవ్వాగలేదు. తన హాజరు పడగానే అమ్మ పింఛనుకు వేలు పెట్టాడు. అప్పట్నుంచి ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే, తిట్టేముందు కాస్త ఆలోచిస్తున్నాను.

ఆ రోజు తిరిగొస్తూ, "సూసినవా అమ్మా, ఫోన్ కొట్టి కొట్టి పని చేపిచ్చిన" అని గొప్పలు పోయాను.

"మొదటి రోజే నన్ను తోల్కపోతే అయిపోతుండె కొడకా! ఇన్ని దినాలు ఉత్తగ గా సారు హాజరు పోగొట్టినవ్" అంది అమ్మ.