పలుగురాయి పొడి

కాశింవలి రాయిని నాలుకతో గుర్తుపడతాడు. బోరు బండి కింద లేచే పొడిని చిటికెడు తీసి పళ్ల మధ్య నలిపి, ఇది నల్లరాయి, ఇది పలుగురాయి, ఇంకో ముప్పై అడుగులకు చెమ్మ తగులుతుందని చెప్పేస్తాడు. కార్వేటినగరంలో వాళ్ల నాయన ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. స్టీలు గిన్నెలొచ్చి ఆ పని పోయాక కాశింవలి పదిహేడో ఏట బోరు బండెక్కాడు. చిత్తూరు చేలల్లో వెయ్యి అడుగులు తోలినా దుమ్మే తప్ప నీళ్లు పడని బోర్లు ఎన్నో చూశాడు. తర్వాత ఆ బండ్లే ఓడలెక్కి ఆఫ్రికాకు పోయాయి. వాటి వెంట మనుషులూ పోయారు.

కాశింవలి జాంబియా పోయింది నలభై ఒకటో ఏట. పక్కనే ఉన్న పచ్చికాపల్లం కుర్రాడు మునికుమార్ కూడా పోయాడు. అతనిది రాడ్లు ఎక్కించే పని.

నీళ్లు చిమ్ముతూ తోలితే పొడి లేవదు. ఆ సంగతి బండి మీద ప్రతివాడికీ తెలుసు, బండి యజమానికి ఇంకా బాగా తెలుసు. కానీ నీళ్లు చిమ్మాలంటే ట్యాంకరు కావాలి, పని నిదానిస్తుంది. ఊళ్లకు నీళ్లిచ్చే పనిలో బండి మీది మనుషుల కోసం నాలుగు బిందెల నీళ్లు పోయడానికి యజమానికి మనసొప్పలేదు. మొహానికి తువ్వాలు చుట్టుకుని మూడేళ్లు తోలారు. మూడో ఏడు మునికుమార్ పది అడుగులు వేస్తే కూలబడేవాడు. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందన్నాడు. కంపెనీ ఏజెంటు బాలచంద్ర మాత్రం ఇది టీబీ అనీ, ఊళ్లోనే తగిలించుకుని వచ్చాడనీ కాగితం రాసి, ఇద్దరి పాస్‌పోర్టులూ చేతిలో పెట్టి, కాశింవలిని అతనికి తోడు పొమ్మన్నాడు.

టీబీ కాదని రుజువు చేయాలి. లేకపోతే మునికుమార్ భార్య నందినికి రేపు కంపెనీని పరిహారం అడగడానికి నోరే ఉండదు. కాశింవలికి తెలిసిన దారి ఒకటే. బోరు తోలేటప్పుడు పదేసి అడుగులకు పిడికెడు పొడి తీసి వరసగా కుప్పలు పెడతారు, పొలం ఆసామి రంగు చూసుకోవడానికి. ఆఖరి బోరు కుప్పల్ని పాలిథిన్ కవర్లలో కట్టి, లోతూ తేదీ రాసి, సంచిలో పెట్టుకున్నాడు. ఏం పీల్చారో తిరుపతి డాక్టరుకు చూపిస్తే చాలనుకున్నాడు. మైదాపిండిలాంటి తెల్లటి పొడిని మూటలు కట్టి దేశం దాటిస్తే జనం ఏమనుకుంటారో, బండి మీదే బతికిన ఆ మనిషికి తట్టలేదు.

పక్క దేశంలోని దార్ ఎస్ సలామ్ నుంచి విమానం చౌకని అక్కడికి రైలెక్కారు. మధ్యాహ్నం జాంబియాలోని కపిరి ఎంపోషిలో బయల్దేరితే రాత్రంతా నడిచి పొద్దునకు సరిహద్దు చేరుతుంది. ఆరు బెర్తుల గది. ఒకప్పుడు రాగి గనుల్లో పనిచేసిన ముసలాయన ఒకాయన మునికుమార్ దగ్గు విని, అడక్కుండానే తన కింది బెర్తు వదిలి పైకెక్కాడు. పడుకుంటే మునికుమార్‌కు ఊపిరాడలేదు. లేచి కూర్చున్నాడు.

"ఒరగరా కొంచేపు. దుడ్లు పోసి బెర్తు కొన్న్యాం."

"నువ్వు పడుకోన్నా. నీ మైదాపిండికి నేను కావిలి ఉంటా."

"నోరు మూసుకో. మాటకో దగ్గు, దాంట్లో మళ్లా ఎకసెక్కాలు."

"ఆఫ్రికా నుంచి ఏం తెచ్చినారని నందిని అడగతాది. రాతిపొడి అని నువ్వే సెప్పన్నా. దాని మొగం సూడాల."

కాశింవలి దుప్పటి చుట్టి అతని వీపు వెనక పెట్టాడు. తెల్లారేదాకా ఆ దగ్గు, పట్టాల చప్పుడు.

పొద్దున సరిహద్దు ఊరు నకొండేలో ఇద్దరు అధికారులు ఎక్కి సంచులు విప్పించారు. యూనిఫాంలో ఉన్నామె ఒక మూట తీసి అరచేతిలో ఆడించింది.

"ఏమిటిది?"

"స్టోన్, మేడమ్. స్టోన్ పౌడర్."

"రాతిపొడి మూటకట్టుకుని ఎవరైనా దేశం దాటతారా?"

కాశింవలి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని నమిలి చూపించాడు. పని ఇంకా చెడింది. రెండో అధికారి అతని రెక్క పట్టుకున్నాడు. అప్పుడు పైబెర్తు ముసలాయన దిగొచ్చి, మునికుమార్ ఛాతీని చూపిస్తూ వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడాడు. ఆమె గొంతు తగ్గింది. కాగితం లేకుండా ఇది దాటదు, పరీక్షకు రెండు రోజులు పట్టొచ్చు, రైలు ఆగదు, దిగుతారా, ఇక్కడే పారబోస్తారా అని అడిగింది.

కాశింవలి మునికుమార్‌ను చూశాడు. పెదాలు నీలం తిరిగాయి. రెండు రోజులు వీణ్ని ఏ బల్ల మీద కూర్చోబెట్టాలి?

"పారబొయ్యన్నా. నా లోపల ఉండేదాన్ని వాళ్లు యాడ పారబోస్తారు?"

పట్టాల పక్కన మూట మూటా విప్పి గుమ్మరించాడు. పొడి గాలికి లేచింది. ఆమె చప్పున జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. కాసిని పిడికెళ్ల పొడికే.

మునికుమార్ ప్రాణంతో తిరుపతి చేరాడు. ఆసుపత్రి మంచం మీద నలభై మూడు రోజులు కూర్చునే ఉన్నాడు, కూర్చునే పోయాడు. ఎక్స్‌రేలో మచ్చలు దుమ్మువైనా కావచ్చు, టీబీవైనా కావచ్చన్నారు డాక్టర్లు. కంపెనీ టీబీ అనే పట్టుకుని కూర్చుంది.

నందిని కార్వేటినగరం వచ్చింది.

"ఆయన సెప్పిన మూటలు యాడన్నా?"

"పారబోసినానమ్మా."

"పోతే పోనీ. నువ్వూ ఆ బండి మీదనే గదా ఉండింది. నువ్వు పీల్సింది యాడికి పోయింది?"

"నాకేం లేదమ్మా."

"లేకుంటే మంచిదే. ఎక్స్‌రే తీయించు. ఇద్దరికీ ఒకే టీబీ ఎట్ల తగిలిందో వాళ్లనే సెప్పమందాం."

మొజాంబిక్‌లో కొత్త బండికి రమ్మని కాశింవలికి బాలచంద్ర ముందురోజే ఫోన్ చేశాడు. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే ఇక ఏ బండీ ఎక్కనివ్వరు. అది నందినికీ తెలుసు. తెలిసే అడిగింది.

మూడో రోజు తిరుపతి ఆసుపత్రిలో కాశింవలి చొక్కా విప్పి, చల్లటి పలకకు ఛాతీ ఆనించి నిలబడ్డాడు.

"ఊపిరి బిగబట్టండి," అన్నాడు ఎక్స్‌రే తీసే అతను.

బిగబట్టబోయాడు. దగ్గు వచ్చింది. మళ్లీ బిగబట్టాడు, మళ్లీ దగ్గే.