అధికారి కోసం అలికిన ఇల్లు

మాది కొల్లేటి లంకలో చేపలు పట్టుకుని బతికే ఇల్లు. వానాకాలం వస్తే ఆ గుడిసెలోకి నీళ్ళు కూడా కాపురానికి వస్తాయని కోడలిగా వచ్చిన ఏడే నాకు తెలిసింది. పొయ్యి మంచమెక్కేది, మేము తాటిదోనె ఎక్కేవాళ్ళం. మా అత్త కోరిక ఒక్కటే: నీళ్ళెక్కని మెరక మీద ఇంత జాగా. మొదటి ఎన్నికలప్పుడు వచ్చిన పెద్దమనిషి ఇప్పిస్తానని మాటిచ్చాడు. లంకంతా ఆయనకే ఓటు వేసింది.

గెలిచాక, మా ఇళ్ళు చూసి రమ్మని ఏలూరు నుంచి ఒక ఆఫీసరును పంపించాడు. అది వేసవి. కొల్లేరు వెనక్కి తగ్గింది, కాలికి తడి అంటకుండా నడిచి రావచ్చు. గవర్నమెంటు మనిషి గడప తొక్కుతున్నాడని అత్త హడావుడి చూడాలి! గోడల మీద వరద చార కనపడకుండా మట్టి మెత్తింది. నేలంతా అలికి, నాచేత ముగ్గులు పెట్టించింది. ఇరుగుపొరుగూ అంతే. వచ్చినవాడికి ఇల్లు మురికిగా చూపించడమంటే మా ఆడవాళ్ళకు చచ్చేంత సిగ్గు. ఆయన కొర్రమీను పులుసుతో తృప్తిగా భోంచేసి, "మీ ఇళ్ళు లక్షణంగా ఉన్నాయి కదండీ" అని మెచ్చుకుని వెళ్ళాడు. అత్త మురిసిపోయింది. ఇళ్ళు బాగున్నాయి, స్థలాలు అక్కర్లేదని ఆయన పైవాళ్ళకు చెప్పాడని తర్వాత తెలిసింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ వానాకాలం, మెత్తిన గోడే ముందు కూలింది.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఆ ఏడు నీళ్ళు ఆలస్యంగా తీశాయి, ఇంట్లో ఇంకా బురదే. పెద్దమనిషి వస్తున్నాడని తెలిసి నేను పేడతట్ట అందుకున్నాను. అత్త లాక్కుని అవతల పెట్టింది.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రండి బాబుగారండీ, కూర్చోండి" అంది అత్త.

ఆయన పంచె ఎత్తి పట్టుకుని, "ఎక్కడ కూర్చోనమ్మా?" అన్నాడు.

"మీరిస్తానన్న మెరక మీద కూర్చోబెడదామనుకున్నామండీ. అదింకా రాలేదండీ."

"ఈసారి గెలవగానే..."

"ఈసారి జాగా చూపించాకే ఓటండీ."

ఆయన నవ్వబోయి మానేశాడు. అత్త మంచినీళ్ళయినా ఇవ్వలేదు. మా ఇంటికొచ్చిన మనిషి నోరు తడుపుకోకుండా వెళ్ళడం అదే మొదలు.

మా ఇంటి ఓట్లు ఆయనకు పడలేదు. మెరక మీద జాగా మాకు దక్కలేదు. అత్త దోనెలోనే ముసలిదైంది.

ఆ రోజు ఆయన పడవ కనుమరుగయ్యాక, ఆవిడ బురద ఎత్తిపోసి, పేడ కలిపి, నేల అలకడం మొదలుపెట్టింది. "గడపదాకా వచ్చిన మనిషిని ఉత్త నోటితో పంపించేశానే, అమ్మాయ్" అని అలుకుతూనే ఏడ్చింది.