తూర్పు వైపు గేటు

ఏలూరులో నా అంత చవగ్గా గేటు కొన్నవాడు ఉండడు. మూతబడిన ఒక రైసుమిల్లు గేటును పాత ఇనుము ధరకు బేరమాడి, తుప్పు గీకించి, ఆకుపచ్చ రంగు వేయించి, మా పేట గ్రంథాలయానికి దానం చేశాను. సభ పెట్టి నా మెడలో దండ వేశారు. గేటు కంటే దండే కొత్తగా ఉందని మా ఆవిడ అంది. నా తెలివికి నేనే చాలాకాలం మురిసిపోయాను. నేను చేసిన పనుల్లోకెల్లా చెడ్డది అదే.

ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. భుజం మీద బస్తా ఉన్నవాడికి ఎక్కడ దించాలో తెలుస్తుంది. నాకు ఇన్నేళ్లుగా అదే తెలియలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర దించుతున్నాను.

మా గ్రంథాలయం రెండు వీధుల మధ్య ఉంటుంది. పాత గేటూ, వరండా పడమటి వీధిలో ఉండేవి. తూర్పు వీధిలో ఉన్నది దాని వెనక గోడ. ఆ గోడకు ఎదురుగా మా కిరాణా కొట్టు. అంటే పుట్టినప్పటి నుంచీ నేను చూసింది గ్రంథాలయం వీపే. పేట మొత్తం అటువైపే చేరేది. కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో, కరెంటు ఎందుకు పోయిందో, ఎవరింట్లో వాటా ఖాళీగా ఉందో, ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలో, అన్నీ ఆ పాత గేటు దగ్గరే తేలేవి. తేల్చేవాడు మస్తాను.

మస్తాను తాతలు తివాచీలు నేసినవాళ్లు. అతని కాలానికి ఆ పని తగ్గిపోయింది. గొడుగులూ సంచులూ కుట్టేవాడు, గ్రంథాలయంలో చినిగిన పుస్తకాలకు అట్టలు వేసేవాడు. అందుకు బదులుగా వరండా చివర ఒక బల్ల వేసుకోనిచ్చారు. మా నాన్న ఎండ తగ్గగానే కొట్టు నాకు అప్పజెప్పి, చుట్టూ తిరిగి అటువైపు వెళ్లేవారు. పేపరు చూసి, ఆ తరువాత మస్తాను బల్ల పక్కన కూర్చునేవారు. చీకటి పడ్డాకే రావడం.

మస్తానుకు చాలా తెలుసు అనుకునేరు. అతను చెప్పిన పేట చరిత్రలో సగం అబద్ధం. కాలవ పడవలు ఆ గేటు దాకా వచ్చేవనేవాడు. పడవవాళ్లు దిగకుండానే పేపరు చదివించుకుని పోయేవారనేవాడు. ఆ వరండాకి తన తాత నేసిన తివాచీని ఒక దొర ఓడలో ఎత్తుకుపోయాడనేవాడు. నిన్న ముత్తాత నేశాడన్నావుగా అని నాన్న పట్టుకుంటే, ఇద్దరూ చెరో కొస నుంచి నేశారనేవాడు. అప్పుడు నాన్న నవ్వేవారు. ఆ నవ్వు గ్రంథాలయం దాటి, వెనక గోడ దాటి మా కొట్టులోకి వచ్చేది.

ఆ నవ్వు నేను భరించలేకపోయాను. ఇదీ అసలు సంగతి.

కొట్టులో నాన్న నవ్వగా నేను చూడలేదు. కందిపప్పు ధర, కారే రేకు, అద్దె ఇవ్వని వాటావాళ్లు, మా ఇద్దరి మాటలూ ఇంతే. పక్క కొట్టువాడు నా కంటే ఎక్కువ అమ్మితే నాకు అసూయ కలిగేది, కానీ దానికి మందు తెలుసు, ధర తగ్గిస్తాం. గొడుగులు కుట్టేవాడి మీద అసూయ పడితే ఏం తగ్గించాలి? నా దగ్గర లేనిది అతని దగ్గర ఏముంది? ఈ ప్రశ్న బెల్లం తూస్తూ వేసుకునేవాణ్ణి, లెక్క తప్పి మళ్లీ తూచేవాణ్ణి. ఒకరోజు ఇంట్లో నేనూ ఒక కథ చెప్పి చూశాను. ఆ గ్రంథాలయానికి సున్నం ఇచ్చింది మా తాతగారేనన్న కథ. అది నిజం కూడా. నాన్న విని, “ఆ, తెలుసులే” అన్నారు.

అప్పుడే గేటు ఆలోచన వచ్చింది.

పడమటి వైపు నుంచి ఒక సందు తిన్నగా వచ్చి పాత గేటు దగ్గర ఆగుతుంది. నైరుతి మూల వీధిపోటు. ఆ సందు మా తాతల నాటి నుంచీ ఉంది, దాని వల్ల ఎవరికీ జలుబు కూడా చేయలేదు. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. మా కొట్టులో డబ్బుల పెట్టె ఉన్న మూల చూస్తే వాస్తు పండితుడు పారిపోతాడు. కానీ కమిటీలో నమ్మేవాళ్లు ఉన్నారని తెలుసు. ఒకాయనతో పప్పు కడుతూ, చదివేవాళ్లు ఎందుకు తగ్గిపోతున్నారో మరి అన్నాను. ఇంకొకాయనతో, లైబ్రేరియన్ గారు అదే గుమ్మంలో కాలు విరగ్గొట్టుకున్నారటండీ అన్నాను. వీధిపోటు అనే మాట నేను అనలేదు. వాళ్ల చేత అనిపించాను. కొనేవాడు తనే కనిపెట్టాననుకున్న సరుకు వెనక్కి రాదు.

తూర్పు గోడ కొట్టి కొత్త గేటు పెట్టాలన్నారు. దాతను నేనే అన్నాను. పాత గేటు మూసి గోడ కట్టేయమన్నాను. చివర్లో, దాతగా ఒకే ఒక్క కోరిక కోరాను. కొత్త గేటు ముందు బల్లలూ బడ్డీలూ ఉండకూడదు, అందంగా ఉండాలి. అందరూ తలలూపారు. బేరం ముగిసింది.

మస్తాను బల్ల తీసి ఎవరికో ఇచ్చేశాడు. తాడేపల్లిగూడెంలో ఉన్న కూతురింటికి వెళ్లిపోయాడని నాకు కమిటీవాళ్ల ద్వారా తెలిసింది. అప్పటికి నాన్న జ్వరంతో పడుకుని ఉన్నారు. లేచాక అడిగితే, ఎటు పోయాడో తెలియదన్నాను.

గ్రంథాలయం నాన్నకు ఎదురుగా వచ్చింది. రోడ్డు దాటితే చాలు. ఆయన మాత్రం వెళ్లడం మానేశారు. సాయంత్రాలు కొట్టులోనే, నేను కోరుకున్న చోటే, నా పక్క కుర్చీలో కూర్చుని ఆ ఆకుపచ్చ గేటు వైపు చూసేవారు. నేను కథలు చెప్పేవాణ్ణి. ఆయన వినేవారు. మర్యాదగా వినేవారు.

ఆ తరువాతి వానాకాలంలో బియ్యం కోసం గూడెం వెళ్లాను. మార్కెట్ రోడ్డులో టార్పాలిన్ పట్టా కింద మస్తాను కుడుతూ కనిపించాడు. తల తిప్పుకుని దాటబోయాను.

“చిన్నశెట్టిగారూ! ఏవండీ, చూసీ చూడనట్టు పోతారేంటండీ?”

“అబ్బే, లేదండీ మస్తాన్ గారూ. ఏదో ఆలోచనలో ఉండి...”

“కూర్చోండి, టీ చెప్తాను. ఆ సంచి ఇలా ఇవ్వండి, పిడి ఊడొచ్చేలా ఉంది. శెట్టిగారు ఎలా ఉన్నారండీ?”

“బాగానే ఉన్నారండీ.”

“మా తాత తివాచీ మీద ఇంకా ఎకసెక్కాలాడుతున్నారా? నేనిక్కడ ఉన్నానని ఒక్క మాట చెప్పండి బాబూ. ఈసారి సరుక్కి వచ్చేటప్పుడు ఆయన్నీ కూడా తీసుకొచ్చెయ్యండి. గూడేనికి కూడా చరిత్ర తయారు చేస్తున్నానని చెప్పండి, వచ్చి తప్పులు పట్టమనండి.”

“తప్పకుండా చెప్తానండీ.”

సంచి పిడి కుట్టి ఇచ్చాడు. ఎంతిమ్మంటారంటే, చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ సాయంత్రం నాన్న సంచి ఒళ్లో పెట్టుకుని సరుకు చీటీ వెతికారు. ఆ పిడి మీద బొటనవేలితో రాస్తూ చాలాసేపు కూర్చున్నారు.

“గూడెంలో ఎవరన్నా కనపడ్డారా?” అన్నారు.

“ఎవరు కనపడతారు నాన్నా, బస్తాలు తప్ప.”

నేను గూడెం వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆయన అదే అడిగారు. నేను అదే చెప్పాను. వయసు వల్ల అడిగిందే అడుగుతున్నారనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా?

ఆయన పోయాక, గది సర్దుతుంటే పాత గొడుగు దొరికింది. తెరిచాను. నల్ల గుడ్డ మీద ప్రతి అతుకూ ఎర్ర దారంతో, తివాచీ అంచులా దగ్గర దగ్గర కుట్లు. లేచి వెళ్లి సంచి తెచ్చి పక్కన పెట్టి చూశాను. అదే దారం. అవే కుట్లు.

నాన్నకు ఆ మొదటి సాయంత్రమే తెలుసు. మస్తాను ఎక్కడున్నాడో తెలుసు. నేను అబద్ధమాడుతున్నానని తెలుసు. ఎందుకు ఆడుతున్నానో కూడా తెలిసే ఉంటుంది, బేరం నాకు నేర్పింది ఆయనే. మరి రైలెక్కి తనే ఎందుకు వెళ్లలేదు? మోకాళ్ల నొప్పులా? కొడుకును అబద్ధాలకోరుగా నిలబెట్టడం ఇష్టం లేకపోయిందా? లేక నా నోటితో నేనే చెప్తానని, ప్రతిసారీ ఇంకొక్క అవకాశం ఇచ్చి చూశారా? మూడోది కాకపోతే బాగుండునని నాకు అనిపిస్తుంది. మూడోదే.

ఇప్పుడు గూడెం వెళితే మార్కెట్ రోడ్డులోంచి వెళ్లను. చుట్టూ తిరిగి వెళతాను. నాన్న లేరన్న సంగతి మస్తానుకు ఇంకా చెప్పలేదు. కబురు పంపినా రాని స్నేహితుడిగానే నాన్న అతనికి మిగిలారు. నేను మళ్లీ వెళ్లి చెప్తానా? రేపు వెళతానని మీకు మాటివ్వగలను, కానీ నా మాట విలువ ఎంతో మీరిప్పటికే చూశారు.

లెక్క చూస్తాను. నాకు వచ్చినవి: కొట్టుకు ఎదురుగా ఒక గేటు, దాని మీద నా పేరు, నా పక్క కుర్చీలో నాన్న. పోయినవి: పేట కూర్చునే చోటు, మస్తాను బల్ల, గోడ దాటి వచ్చే ఆ నవ్వు. అవి నావి కావు. ఒకటి పేటది, ఒకటి మస్తానుది, ఒకటి నాన్నది. సొమ్ము ముగ్గురిది, కొన్నవాణ్ణి నేను. జీవితమంతా ప్రతిదానికీ కాస్త తగ్గించమని అడిగినవాణ్ణి. దీనికి అడగను.